హుసేనప్ప గూటి ఆట

అమావాస్య నాడు ఎమ్మిగనూరులో మా వీధి వేరే ఊరిలా ఉండేది. మిగతా రోజుల్లో పొద్దు పొడవకముందే ఇంటింటా మగ్గాల చప్పుడు మొదలయ్యేది. అమావాస్యకు మాత్రం నేసేవాళ్లెవరూ మగ్గం గుంటలో కాలు పెట్టరు, పోగును అటూ ఇటూ తోసే నాడె ముట్టరు. నిద్ర లేచాక చాలాసేపు నాకు చెవులు పనిచేయడం లేదేమో అనిపించేది. ఎక్కడో పక్క వీధిలో కోడి కూసినా మా అరుగు మీదే కూసినట్టుండేది. ఎండ గోడ మీద జరుగుతుంటే ఆ జరగడం కూడా వినబడుతుందేమోనని నేను నిజంగానే చెవి పెట్టి విన్న రోజులున్నాయి. పిచ్చిదాన్ని.

ఆ నిశ్శబ్దంలో మా నాయన హుసేనప్ప అరుగు మీద చదరంగం గుడ్డ పరిచేవాడు. ఆ గుడ్డ ఆయన నేసిందే. ఎర్ర గడి, తెల్ల గడి, అరవై నాలుగు గళ్లు. కొయ్య పావులు చేతుల జిడ్డుకు నల్లబడిపోయి, ఏది ఏ సైన్యమో కొత్తవాళ్లకు తెలిసేది కాదు. మాకు తెలిసేది.

మా నాయన మాట్లాడని మనిషి. కోపమైనా సంతోషమైనా ఒకటే ముఖం. నేను మా అమ్మ హనుమంతమ్మ పోలిక. మేమిద్దరం నోరు తెరిస్తే వీధి చివరిదాకా వినబడేది. "మీ నాయన వాటా మాటలు గుడా మనకే ఇచ్చినాడు పాపా" అనేది అమ్మ. ఆయన నేస్తుంటే నేను పక్కన కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుట్టేదాన్ని. పడుగు పోగుల మధ్య నుంచి వచ్చే వెలుతురు ఆయన చేతుల మీద గీతలు గీతలుగా పడేది. చూస్తూ చూస్తూ నేను ఎటో పోయేదాన్ని, కండె నిండిపోయి నూలు వేళ్లకు చుట్టుకునేది. అప్పుడైనా ఆయన తిట్టేవాడు కాదు. రాట్నం ఆపి నా చేతికున్న పోగు విప్పి మళ్లీ తన పని చూసుకునేవాడు.

ఆయన ఆట మొదలుపెట్టే తీరు ఊరంతటికీ తెలుసు. మా ఊరి పద్ధతిలో బంటు ఎప్పుడైనా ఒక్క గడే జరుగుతుంది. నాయన గుర్రం ముందున్న బంటును ఒక గడి ముందుకు తోసి, దాని వెనక ఒక గడి ఖాళీ చేసుకునేవాడు. దాన్నే అందరూ గూడు అనేవాళ్లు. మా దగ్గర రాజుకు ఒక వరం ఉంది. ఆట మొత్తంలో ఒకే ఒక్కసారి రాజు గుర్రంలాగా దుంకవచ్చు. దుంకి ఆ గూట్లో పడ్డాడంటే ఇక పట్టుకోవడం కష్టం. అయితే దుంకేలోపు ఎదుటివాడు ఒక్కసారి కూడా "షా" అని రాజు మీదికి వచ్చి ఉండకూడదు. ఒక్క షా పడితే చాలు, దుంకే హక్కు పోయినట్టే. అందుకని నాయన గూడు కట్టుకుని, ఏ దిక్కు నుంచీ షా పడకుండా దారులన్నీ మూసుకుని, ముప్పై ఎత్తులైనా అట్లాగే కూర్చునేవాడు. ఎదుటివాడు విసుగెత్తి ఏదో ఒక తప్పు చేసేవాడు. అప్పుడు రాజు దుంకేవాడు. ఆ తరువాత ఆట ఎక్కువసేపు నడిచేది కాదు.

ఈ ఆట మెత్తనిదా, పదునైనదా అని మా వీధిలో ఎప్పుడూ ఒక వాదం ఉండేది. నాకైతే ఆ వాదమే దండగ అనిపించేది. చూడ్డానికి మెత్తగా ఉందని కొందరు, చివర్లో కోస్తుందని కొందరు. నాయన్నడిగితే "మెత్తనిదే" అనేవాడు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ వచ్చేది కాదు.

ఆట అయిపోయాక ఆయన కండువా భుజాన వేసుకుని బస్‌స్టాండుకు పోయేవాడు. ఆదోని బస్సు వచ్చేదాకా నిలబడేవాడు. ఎక్కేవాడు కాదు. బస్సు పోయాక ఇంటికి వచ్చేవాడు. ప్రతి అమావాస్యకూ అంతే. ఎందుకు పోతాడో మాకు తెలుసు, బస్సు ఎందుకు ఎక్కడో తెలియదు.

మా చిన్నాయన రంగన్న ఆదోనిలో ఉన్నాడు. ఉన్నాడని మాత్రమే తెలుసు. మొదట హాలహర్వి వైపు కూలికి పోయాడని, తరువాత ఆదోని పత్తి మిల్లుల్లో చేరాడని ఆ నోటా ఈ నోటా విన్నాం. ఆయన ఇల్లు విడిచినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. యుద్ధం ఇంకా నడుస్తోంది. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో రెండు మగ్గాల మీద నేసేవాళ్లు. చిన్నాయన పాటలు పాడేవాడు, ఎగతాళి చేసేవాడు, గోలీలాటలో పిల్లల్ని కూడా మోసం చేసేవాడు. నన్ను భుజాన ఎక్కించుకుని వీధంతా తిరిగేవాడు.

ఒక అమావాస్యకు అరుగు మీద అన్నదమ్ములిద్దరి ఆట పడింది. వీధిలో సగం మంది చుట్టూ ఉన్నారు. నాయన ఓడిపోయేలా ఉన్నాడు. అప్పుడు రాజును దుంకించి గూట్లో పెట్టాడు. "నీ రాజుకు షా పడిందన్నా, దుంకకూడదు" అన్నాడు చిన్నాయన. "పడలేదు" అన్నాడు నాయన. షా పడిందా లేదా అన్నది గుడ్డ మీద ఎక్కడా మిగలదు. చుట్టూ ఉన్నవాళ్లు మాటల్లో పడి ఎవరూ గమనించలేదు. మా నాయన మాట మీద నిలబడే మనిషి, చిన్నాయన గోలీలాటలో తొండి చేసే మనిషి. అందరూ నాయన వైపే చూశారు. "రంగా, ఊరికే ఉండప్పా" అన్నారు. చిన్నాయన ఒట్టు పెట్టాడు. "అబద్ధం సెప్తాండావన్నా" అన్నాడు. కిటికీలో ఉన్న నాడె నాయన చేతికి ఎలా వచ్చిందో నాకు తెలియదు. అమావాస్య నాడు ముట్టకూడని నాడె. చిన్నాయన కనుబొమ్మ చీలింది.

ఆయన ఏడవలేదు. రక్తం తుడుచుకుని నా తల నిమిరి, మిట్టమధ్యాహ్నం ఎండలో నడిచి వెళ్లిపోయాడు. ఆయన మగ్గం గుంట మీద పలకలు కప్పాం. ఆ పలకల మీద కూర్చుని నేను కండెలు చుట్టడం మొదలుపెట్టాను. తొమ్మిదేళ్లు చుట్టాను.

అందరికీ చిన్నాయనే అబద్ధాలకోరు. నాకూ అంతే. ఆయన మీద ఎంత ప్రేమో అంత కోపం. ఒక్క చిన్న అబద్ధం ఒప్పుకోలేక మమ్మల్నందర్నీ వదిలి పోయాడే అని.

1954లో, ఉగాదికి ముందు వచ్చే అమావాస్య నాడు, శేషప్ప వచ్చాడు. ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో టైంకీపరు. మా వీధి అల్లుడు, ఇంగ్లీషు పేపరు చదివే మనిషి. ఆ పేపరు చంకలో లేకుండా ఆయన్ను ఎవరూ చూడలేదు. అరుగు ఎక్కుతూనే మొదలుపెట్టాడు.

"హుసేనప్పా, నీ ఆట పేపర్లో వేసినారు. పరదేశాల్లో దానికి మన దేశం పేరే పెట్టినారంట. గుర్రం ముందర బంటును ఒక్క గడి జరిపేది, ఆ సందులో మూలకు పోయే ఒంటెను కూసోబెట్టేది. ఈ మధ్య అందరూ అదే ఆడతాండారంట. అది మెత్తనిదా, పదునుదా అని ఆడ పెద్ద పెద్దోళ్లే కొట్లాడుకుంటాండారు. నువ్వేమంటావు?"

"మెత్తనిదే" అన్నాడు నాయన.

"కాదప్పా, పదును. నేను సెప్తా విను" అని శేషప్ప పావులు పరిచి ఒక గంట చెప్పాడు. ఆయన చెప్పేది ఎవరికీ అర్థం కాలేదు, అందరూ తల ఊపారు. చివరికి అలిసిపోయి చెంబుతో నీళ్లు తాగి అన్నాడు: "మా మిల్లులో పత్తి బేళ్లు కట్టేకాడ ఒకాయన ఉండాడు. ఆదోనిలో వాన్ని గెలిచేటోడు ల్యాడు. వాన్నడిగినా. మెత్తనిదీ కాదు, పదునుదీ కాదు, అది భయం ఆట అన్యాడు. పేరు రంగన్న. ఈడ, కనుబొమ్మ మీద ఇంత గాటు ఉండాది."

శేషప్ప మా వీధికి అల్లుడై నాలుగేళ్లే, పాత సంగతులు ఆయనకు తెలియవు. అమ్మ తలుపు చాటున నిలబడి ఉంది. నాయన గుడ్డ మీద రాజును చేతిలోకి తీసుకుని మళ్లీ అక్కడే పెట్టాడు.

అమ్మ బయటికి వచ్చి నా భుజం మీద చేయి వేసింది. "శేషప్పా, ఆయనతో సెప్పు. వైశాఖంలో జయమ్మ పెండ్లి. సిన్నాయన ల్యాకుండా పెండ్లేంటికి? రమ్మను."

శేషప్ప పోయి చెప్పాడు. పది రోజులకు జవాబు తెచ్చాడు. రంగన్న ఒకటే మాట అన్నాడట: "మా అన్నను వచ్చి నాతో ఒక ఆట ఆడమను. ఆయన గూటి ఆటే. ఆయన గెలిస్తే నేను ఇంటికొస్తా. నేను గెలిస్తే ఇంగ నా ఊసు ఎత్తొద్దు."

"పంతం చూడు, తొండి చేసేవాడికి" అన్నాను నేను. నాయన నా వైపు చూశాడు. ఏదో చెప్పబోయినట్టు పెదవి కదిలింది, ఆగిపోయింది. అప్పుడు నేనది గమనించి ఉంటే ఎంత బాగుండేది! నాకు నోరే గాని కళ్లు తక్కువ.

చైత్రం వెళ్లే అమావాస్య ఆ ఏడు ఆదివారం పడింది. మగ్గాలకూ సెలవు, మిల్లుకూ సెలవు. "నువ్వు గుడా పో" అని నన్ను పంపింది అమ్మ. "మీ నాయన నోరు తెరవకపోతే నువ్వు తెరువు. ఎట్లన్నా పిల్చుకోని రా." చదరంగం గుడ్డ మడిచి సంచిలో పెట్టింది, రెండు జొన్నరొట్టెలు, పచ్చడి మూట కట్టింది.

తొమ్మిదేళ్లలో నాయన ఆదోని బస్సు ఎక్కడం అదే మొదటిసారి. కిటికీ పక్కన కూర్చుని నల్లరేగడి చేలను చూస్తూ ఉన్నాడు. పత్తి తీసేసిన చేలు. ఎండుకట్టెలకు అక్కడక్కడ మిగిలిన దూది గాలికి ఊగుతోంది. దారంతా ఒక కునుకులో ఉన్నట్టు గడిచింది. ఆదోని కొండలు కనిపించేసరికి గాలిలోనే దూది తేలుతోంది. మిల్లుల దగ్గర చింతచెట్ల ఆకుల మీద దూది, కరెంటు తీగల మీద దూది, పడుకున్న కుక్క వీపు మీద దూది. చప్పుడు లేని ఊరు. సెలవు రోజు కాబట్టి మిషన్లు ఆగి ఉన్నాయి. నేను ఇంకా బస్సులోనే నిద్రపోతున్నానేమో, ఇదంతా కలేమో అనుకున్నాను. చేయి చాపితే అరచేతిలో ఒక పోగు వాలింది.

చిన్నాయన మిల్లు వెనక రేకుల గది ముందు కూర్చుని ఉన్నాడు. తల సగం నెరిసింది. ముప్పై దాటిన మనిషి యాభైవాడిలా ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. "ఇంత ఎత్తయినావా!" అన్నాడు. భుజాల మీద ఎక్కించుకున్న పిల్లను వెతుకుతున్నట్టు నా ముఖంలోకి చూశాడు. నాకు ఏడుపొచ్చింది. వాళ్ల అన్న వైపు మాత్రం తిరగలేదు. "గుడ్డ తెచ్చినారా?" అని నన్నే అడిగాడు.

చాప మీద గుడ్డ పరిచారు. శేషప్ప పేపరు మడిచి కూర్చున్నాడు. మరెవరూ లేరు.

నాయన గుర్రం ముందున్న బంటును ఒక గడి జరిపాడు. చిన్నాయన చిన్నగా నవ్వాడు, నవ్వులో నవ్వు లేదు. ఆట నడిచింది. నాయన దారులు మూస్తూ పోయాడు, చిన్నాయన ఒక్కో దారి దగ్గరికీ వచ్చి తలుపు తట్టి పోతున్నాడు. "సూసినావా, మెత్తనిది" అన్నాడు శేషప్ప. కాసేపటికి "ఉహూ, ఈడ పదునుంది" అన్నాడు. తరువాత లేచి, "టీ తెస్తా" అని బజారుకు పోయాడు.

ఆయన అటు పోగానే చిన్నాయన తన గుర్రాన్ని తెచ్చి నాయన బంటు నోటి దగ్గర పెట్టాడు. ఊరికే చచ్చే గుర్రం. "షా" అన్నాడు. నాయన బంటుతో గుర్రాన్ని తీసేశాడు. ఒక గుర్రం పోగొట్టుకుని చిన్నాయన సంపాదించింది ఏమీ లేదు, ఆ ఒక్క షా తప్ప. నాకు అప్పుడు అర్థం కాలేదు. గుర్రాన్ని వృథా చేశాడు, నాయన గెలుస్తాడు, చిన్నాయన ఇంటికొస్తాడు అని లోపల ఎగిరి గంతేశాను.

శేషప్ప టీ తెచ్చాడు. తాగారు. రొట్టెలు తిన్నారు. ఎండ రేకుల మీద నుంచి జారి చాప అంచుకు వచ్చింది. ఎత్తుల మధ్య చాలాసేపు పట్టేది. నాకు కళ్లు మూతలు పడుతున్నాయి. దూది ఒక్కొక్క పోగూ గుడ్డ మీద వాలేది, ఎవరో ఒకరు దాన్ని ఊదేవాళ్లు. అన్నదమ్ములిద్దరూ ఒకే తీరుగా ఊదుతున్నారని నేను చూశాను. పెదవులు పక్కకు పెట్టి, మెల్లగా.

అప్పుడు శేషప్ప ఎగిరి కూర్చున్నాడు. "అయిపోయింది! హుసేనప్పా, దుంకు! దుంకితే గెలిచినట్లే!"

నేను వంగి చూశాను. నిజమే. చిన్నాయన పావులన్నీ నాయన రాజును ముట్టడించి ఉన్నాయి. ఇంకో రెండెత్తుల్లో ఆటకట్టు. కానీ గూడు ఖాళీగా ఉంది. రాజు దుంకి అందులో పడితే, మరుసటి ఎత్తుకు నాయన ఏనుగు పోయి చిన్నాయన రాజును పట్టేస్తుంది. ఒక్క దుంకు. చిన్నాయన ఇంటికి వస్తాడు. పెళ్లిపందిట్లో ఉంటాడు. ఆ పలకలు తీసి మగ్గం మళ్లీ పెడతాం.

నాకు షా గుర్తొచ్చింది. శేషప్ప లేనప్పుడు పడిన షా.

నేను నోరు మూసుకున్నాను. ఒప్పుకుంటున్నాను, ఎన్నేళ్లయినా ఒప్పుకుంటాను. వీధి చివరిదాకా వినబడే నా నోరు ఆ రోజు మూసుకున్నాను. దుంకు నాయనా, దుంకు, శేషప్పకు తెలియదు, నేను చెప్పను అని మనసులో మొక్కుకున్నాను. చిన్నాయన కూడా ఏమీ అనలేదు. దుంకకూడదని అనలేదు. చేతులు కట్టుకుని అన్న ముఖంలోకి చూస్తూ ఉన్నాడు. ఆ రోజంతటిలో ఆయన మా నాయన ముఖం చూడడం అదే మొదటిసారి.

నాయన రాజును పట్టుకున్నాడు. వేళ్లు దాని మీదే ఉన్నాయి. ఎంతసేపో నాకు తెలియదు. తరువాత చేయి తీసేశాడు.

"దుంకేకి ల్యాదు" అన్నాడు. "నా రాజుకు షా పడింది."

"ఎప్పుడు?" అన్నాడు శేషప్ప.

"నువ్వు టీకి పోయినప్పుడు."

"అయితే ఓడిపోయినట్లే గదప్పా!"

"ఓడిపోయినా."

లేచి నాయన్ను తిడదామా అనుకున్నాను. అమ్మకు ఏం చెప్పాలి? ఎవరడిగారు ఈ నిజాన్ని? చిన్నాయన కూడా అడగలేదే! నేను నోరు తెరిచేలోపు నాయన మళ్లీ మాట్లాడాడు. ఆయన గొంతు నేను ఎన్నడూ వినని గొంతు.

"ఆ పొద్దు గుడా పడింది రంగా."

చిన్నాయన చాలా మెల్లగా అడిగాడు. "మరిసిపోయి దుంకినావా? తెలిసే దుంకినావా?"

మరిచిపోయాననవచ్చు. తొమ్మిదేళ్ల కిందటి ఆట, ఎవరు కాదంటారు? మరిచిపోయాను అంటే తప్పు సగం పోతుంది, చిన్నాయన మనసూ కరుగుతుంది. అట్లా అనమని నేను కళ్లతో బతిమాలాను. నాయన నా వైపు చూడలేదు.

"తెలిసే" అన్నాడు. "అందరూ సూస్తాండ్రి. తమ్ముని సేతిలో ఓడిపోతాననుకున్యా. దుంకినా. నువ్వు అడిగితే ల్యాదన్యా. నువ్వు ఒట్టు పెడ్తివి. నేనన్న మాట ఎనక్కి తీసుకునేకి సేతగాక కొట్టినా. అప్పటినుంచి షా పడకుండానే ఆడతాండా. అట్లాంటి సోట మళ్లా నిలబడలేనని. నువ్వు సెప్పింది నిజమే. భయం ఆటే."

మా నాయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడడం నేను అదే వినడం. శేషప్ప పేపరు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పాపం, ఆయనకు ఎక్కడికి పోవాలో తెలియలేదు.

చిన్నాయన అరుస్తాడనుకున్నాను. లేచి పోతాడనుకున్నాను. ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. చేతుల వెనక నుంచి మాటలు తెగి తెగి వచ్చాయి.

"నేను పిచ్చోన్ని కాదు అయితే... నేను పిచ్చోన్ని కాదు... అన్నా, ఆ ఆటను ఎన్నిసార్లు పెట్టుకోని సూసుకున్యానో. మొదుట్లో బాగా గుర్తుండేది. ఈడ ఒంటె, ఈడ రాజు, నేను షా అన్యా. రాను రాను నాకే అనుమానం పట్టె. ఊరంతా పడలేదనె. మా అన్న అబద్ధం సెప్పేటోడు కాదు. అయితే నేను అనుకున్యానేమో, అన్లేదేమో. ఉట్టిపుణ్యానికి అన్నను అబద్ధాలకోరు అన్యానేమో. నాకే సిగ్గయ్యె. ఏ ముఖం పెట్టుకోని ఇంటికి రావాల? అందుకే రాలేదన్నా. కోపంతో కాదు."

మేము ఆయన కోపంతో రాలేదనుకున్నాం. ఆయన సిగ్గుతో రాలేదు. చేయని తప్పుకు సిగ్గుపడి తొమ్మిదేళ్లు దూది మధ్య బతికాడు. ఆయన్ను అబద్ధాలకోరు అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

నాయన గుడ్డ మీది పావులన్నీ ఒక పక్కకు నెట్టాడు. తరువాత ఒక్కొక్కటే తీసి పెట్టడం మొదలుపెట్టాడు. ఇక్కడ బంటు, ఇక్కడ ఏనుగు, ఇక్కడ మంత్రి. తడుముకోలేదు, ఆగలేదు. ప్రతి పావుకూ దాని గడి తెలిసినట్టే పెట్టుకుంటూ పోయాడు. అది ఆనాటి అరుగు మీది ఆట అని నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది. తొమ్మిదేళ్లుగా ఆయనా దాన్ని లోపల పరుచుకునే ఉన్నాడు. చివరగా చిన్నాయన ఒంటెను తీసి, గుడ్డ అంచున, ఇంకా ఆటలోకి రాని చోట పెట్టాడు.

"ఇట్ల ఉండె" అన్నాడు. "పదో ఎత్తు. నీదే."

బజారు వైపు నుంచి బస్సు కూత వినబడింది. మేమెక్కాల్సిన నాలుగు గంటల బస్సు. ఎవరూ లేవలేదు.

చిన్నాయన ముఖం తుడుచుకున్నాడు. ముందుకు వంగి చాలాసేపు గుడ్డను చూశాడు. ఆయన కనుబొమ్మ మీది గాటు చెమటకు మెరుస్తోంది. ఒంటెను రెండు వేళ్లతో ఎత్తి, మూలవాటుగా జరిపి, రాజుకు ఎదురుగా పెట్టాడు. పెట్టినా వేళ్లు దాని మీద నుంచి తీయలేదు.

"షా" అన్నాడు.

"పడింది రంగా" అన్నాడు మా నాయన. "షా పడింది."